హైడ్రోజన్ బండి: నడిచి రెండొందల ఏళ్ళు, గిట్టుబాటు మాత్రం ఇంకా లేదు

మొన్నొక సెలవు రోజు మధ్యాహ్నం వంటలు అయి, ఎవరి మంచం మీద వాళ్ళం నడుం వాల్చిన వేళకి, మా క్యాంపులో పికప్ నడిపే జగిత్యాల తమ్ముడు ఫోను పట్టుకొని మా గదికి వచ్చాడు.

"అన్నా, నీళ్ళతోని బండి నడుస్తదట. గీ వీడియో జూడుండ్రి. మీరు చదువుకున్నోళ్ళు గదా, నిజమో అబద్ధమో చెప్పుండ్రి" అన్నాడు.

వీడియోలో ఒకాయన కారు బానెట్ ఎత్తి, ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసి, రెండు వైర్లు తగిలించి బండి స్టార్ట్ చేశాడు. కింద పెద్ద అక్షరాలతో హైడ్రోజన్ కిట్ అని ఉంది. ఇలాంటివి చాలా చూశాం, వదిలెయ్ అని చెప్పబోయాం. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఊళ్ళో ఆటో నడుపుకునే వాళ్ళ అన్న కోసం అలాంటి కిట్ ఒకటి అప్పటికే ఆర్డరు పెట్టాడట. 14 వేల రూపాయలు పంపేశాడట. అతని జీతంలో తిండికీ ఫోనుకూ పోగా అది దగ్గర దగ్గర రెండు నెలల మిగులు.

ఆ రోజు ఏదో నాలుగు మాటలు చెప్పి పంపించాం గానీ, మా మాటలతో మాకే తృప్తి కలగలేదు. హైడ్రోజన్‌తో కారు నడుస్తుందన్నది అబద్ధం కాదు గదా! పెద్ద పెద్ద కంపెనీలు తయారు చేసి అమ్మాయి. మరి అవి మనకెందుకు కనబడవు? ఇది తేల్చుకుందామని కొన్ని వారాలుగా డ్యూటీ అయ్యాక కూర్చొని చదివాం. మేమిద్దరం బిల్లులు, టైం షీట్లు రాసుకునే గుమాస్తాలం. ఇంటర్‌లో ఒకడిది ఎం.పి.సి., ఇంకొకడిది సి.ఇ.సి. అందుకని కెమిస్ట్రీ సంగతి ఒకడు, ఖర్చుల సంగతి ఒకడు చూసుకున్నాం. చదివిన కొద్దీ తెలిసింది ఏమిటంటే, ఈ కథలో కెమిస్ట్రీ చిన్నది, ఖర్చుల పద్దు పెద్దది.

ముందు ఆ చిన్న సంగతి. పదో తరగతిలో జింకు ముక్కల మీద ఆమ్లం పోసి, పైకి వచ్చే వాయువు దగ్గర మండే పుల్ల పెడితే 'టప్' మన్న శబ్దం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే హైడ్రోజన్. 1766లో ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ దీన్ని ప్రత్యేకమైన వాయువుగా గుర్తించి, 'మండే గాలి' అన్నాడు. ఆ తరవాత ఫ్రాన్సులో లావోయిజర్ దీనికి 'నీటిని పుట్టించేది' అనే అర్థంలో హైడ్రోజన్ అని పేరు పెట్టాడు. మన పెద్దలు దాన్నే ఉదజని అన్నారు. పాత పేపర్లలో ఉదజని బాంబు అని చదివింది ఈ ఉదజనే.

పేరులోనే గుట్టంతా ఉంది. హైడ్రోజన్ మండితే నీళ్ళు పుడతాయి. అంటే నీళ్ళు ఇంధనం కాదు, ఇంధనం కాలిపోయాక మిగిలిన బూడిద లాంటివి. పొయ్యిలో బూడిదతో రెండోపూట వంట కాదు గదా! ఆ బూడిదను మళ్ళీ కట్టెగా మార్చాలంటే, కట్టె కాలినప్పుడు ఎంత వేడి వచ్చిందో కనీసం అంత శక్తి మళ్ళీ పెట్టాలి. నిజానికి అంతకంటే ఎక్కువే పెట్టాలి, ఎందుకంటే మధ్యలో కొంత వృథా పోతుంది. 1800లో లండన్‌లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు, అప్పుడే కొత్తగా వచ్చిన వోల్టా బ్యాటరీ తీగలను నీళ్ళలో ముంచి, నీటిని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొట్టారు. ఆ పని ఈనాటికీ అలాగే చేస్తున్నాం. కరెంటు పెడితేనే హైడ్రోజన్ వస్తుంది. ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారన్నదే ప్రశ్న.

ఈ బిల్లు ఎంత పాతదో చూడండి. 1783 ఆగస్టు 27న పారిస్‌లో, తరవాతి కాలంలో ఐఫిల్ టవర్ కట్టిన చోటికి పక్కనే ఉన్న మైదానంలో జాక్ షార్ల్ అనే శాస్త్రవేత్త మనుషులు లేని హైడ్రోజన్ బెలూన్‌ను ఎగరేశాడు. అందులోకి వాయువు పట్టించడానికి సుమారు అర టన్ను ఇనుము, పావు టన్ను గంధకికామ్లం అయిపోయాయి. పీపాల్లో ఇనుము వేసి, ఆమ్లం పోసి, గొట్టాల ద్వారా బెలూన్‌లోకి పట్టడానికి రోజులు పట్టింది. ఆ బెలూన్ సుమారు 35 ఘనపు మీటర్లు. మేము లెక్క వేసి చూస్తే, అందులో నిలిచిన హైడ్రోజన్ బరువు మూడు కిలోలు! అర టన్ను ఇనుము కరిగిస్తే మూడు కిలోలు.

బెలూన్ ముక్కాలు గంట ఎగిరి గోనెస్ అనే పల్లెలో పడింది. ఆకాశం నుంచి ఏదో భూతం దిగిందని ఆ ఊరి రైతులు కొడవళ్ళూ పలుగులూ తీసుకొని దాన్ని చీల్చి చెండాడారు. అంత ఖర్చూ ఆ పొలంలోనే గాలిలో కలిసిపోయింది.

బండి కూడా అంత పాతదే. స్విట్జర్లండుకు చెందిన ఇసాక్ డి రివాజ్ అనే మాజీ సైనికాధికారి 1807లో హైడ్రోజన్‌తో పేలే ఇంజనుకు పేటెంటు తీసుకొని, దాన్ని ఒక బండికి బిగించాడు. వాయువు ఒక సంచీలో ఉండేది, నిప్పురవ్వ బ్యాటరీ నుంచి వచ్చేది, వాల్వులు చేత్తో తిప్పాలి. బండి కొన్ని అడుగులు కదిలింది. కార్ల్ బెంజ్ పెట్రోలు కారు 1886లో వచ్చిందని మన డ్రైవర్ సోదరులకు తెలుసు. అంటే పెట్రోలు కారుకంటే దాదాపు ఎనభై ఏళ్ళ ముందే హైడ్రోజన్ బండి కదిలిందన్నమాట! తరవాత 1839లో వేల్స్ దేశస్థుడు విలియం గ్రోవ్ ఇంకో దారి కనిపెట్టాడు. హైడ్రోజన్‌ను మండించకుండానే, ప్లాటినం రేకుల దగ్గర ఆక్సిజన్‌తో కలిపి కరెంటు పుట్టించాడు. ఇప్పటి హైడ్రోజన్ కార్లలో ఉండే 'ఫ్యూయెల్ సెల్' అదే. పొగ గొట్టం నుంచి నీటి చుక్కలు తప్ప ఇంకేమీ రావు. కాకపోతే ప్లాటినం ధర అప్పుడూ ఇప్పుడూ సామాన్యుడికి అందేది కాదు.

ఇక్కడ ఒక యుద్ధకాలపు కథ చెప్పాలి. మాకు ఈ చదువంతటిలో బాగా నచ్చింది ఇదే. 1941లో జర్మన్ సైన్యం రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరాన్ని ముట్టడించింది. శత్రువిమానాలు కిందికి రాకుండా నగరం మీద హైడ్రోజన్ నింపిన పెద్ద బెలూన్లు ఉక్కు తాళ్ళతో ఎగరేసి ఉంచేవారు. వాటిని దించి, మళ్ళీ ఎగరేయడానికి లారీ ఇంజన్లతో తిరిగే విన్చీలు ఉండేవి. ముట్టడిలో పెట్రోలు అయిపోయింది. ఇటు చూస్తే దించిన బెలూన్లలో గాలి కలిసి చెడిపోయిన హైడ్రోజన్‌ను ఊరికే బయటికి వదిలేస్తున్నారు. బోరిస్ షెలిష్ అనే మెకానిక్ అధికారికి ఆలోచన వచ్చింది. ఆ పారేసే గ్యాసును గొట్టంతో లారీ ఇంజన్‌లోకి పెడితే? మొదట్లో మంట వెనక్కి తన్ని ప్రమాదం జరిగింది. గ్యాసు నీటి తొట్టి గుండా వెళ్ళేలా ఏర్పాటు చేసి దాన్ని ఆపాడు. ఆ తరవాత అలాంటి లారీ ఇంజన్లు వందల సంఖ్యలో హైడ్రోజన్‌తో తిరిగాయి. చలికి, ఆకలికి జనం రాలిపోతున్న నగరంలో ఆ ఇంజన్లు మాత్రం ఆగలేదు.

యుద్ధం అయిపోయింది, పెట్రోలు వచ్చింది, లారీలన్నీ మళ్ళీ పెట్రోలుకు మారిపోయాయి. మా సి.ఇ.సి. మిత్రుడు దీనిమీద ఒక మాట అన్నాడు: "అక్కడ గిట్టింది ఎందుకంటే, గ్యాసు ఫ్రీగా వచ్చింది, పెట్రోలు ఎంత డబ్బిచ్చినా దొరకలేదు. ఆ రెండూ ఒకేసారి ఎక్కడ కుదురుతాయి?" నిజమే. తరవాత ఎనభై ఏళ్ళలో అవి రెండూ కుదిరిన చోటు మాకు ఒక్కటీ కనబడలేదు.

అంతరిక్షంలో మాత్రం ఖర్చు చూసుకునేవాడు లేడు. 1969లో చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకలో కరెంటు ఇచ్చింది హైడ్రోజన్ ఫ్యూయెల్ సెల్సే. అందులో పుట్టిన నీళ్ళనే వ్యోమగాములు తాగారు. ఆ ఊపులోనే 1966లో జనరల్ మోటార్స్ కంపెనీ ఎలక్ట్రోవ్యాన్ అని ఒక వ్యాను చేసింది. ఫ్యూయెల్ సెల్‌తో నడిచిన మొదటి వాహనాల్లో అది ఒకటి. వెనకంతా టాంకులు, గొట్టాలు నింపేసరికి ఆరుగురు కూర్చునే వ్యానులో ఇద్దరికే చోటు మిగిలింది, బరువు మూడు టన్నులు దాటింది. కంపెనీ ఆవరణ దాటి రోడ్డెక్కలేదు. ఒక్క బండికే అంత ప్లాటినం పోస్తే అమ్మేదెంతకు?

తరవాత 1973 వచ్చింది. చమురు ధర కొన్ని నెలల్లోనే నాలుగు రెట్లు అయింది. మన పెదనాన్నలు, మేనమామలు మొదటిసారి గల్ఫ్ విమానం ఎక్కింది ఆ డబ్బుతో లేచిన రోడ్ల కోసం, రేవుల కోసం, భవనాల కోసమే. అటు అమెరికా, జపాన్, జర్మనీల్లో మాత్రం చమురు లేకుండా బండి నడిపే దారులు వెతకడం మొదలైంది. హైడ్రోజన్ మీద పరిశోధనలకు డబ్బు వచ్చింది. 1986లో చమురు ధర కుప్పకూలగానే ఆ ఉత్సాహం కూడా చల్లారింది. ఈ చరిత్రలో ఇది మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. బ్యారెల్ ధర పెరిగితే హైడ్రోజన్ కారు పేపర్లో మొదటి పేజీకి వస్తుంది, తగ్గితే మాయమవుతుంది.

మూడో విడత ఊపు 2003లో వచ్చింది. ఆ జనవరిలో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ హైడ్రోజన్ కార్ల కోసం 120 కోట్ల డాలర్లు అడిగాడు. ఈ రోజు పుట్టిన బిడ్డ నడిపే మొదటి కారు హైడ్రోజన్‌ది కావచ్చునన్నాడు. 2004లో కాలిఫోర్నియా గవర్నరుగా ఉన్న, మనందరికీ టెర్మినేటర్‌గా తెలిసిన ఆర్నాల్డ్ ష్వార్జెనెగ్గర్, 2010 కల్లా తన రాష్ట్రంలో పెద్ద రోడ్ల వెంట ప్రతి 20 మైళ్ళకో హైడ్రోజన్ పంపు ఉంటుందని ప్రకటించాడు. 2003లో పుట్టిన ఆ బిడ్డకు ఇప్పుడు ఇరవై దాటాయి. కాలిఫోర్నియాలో పంపులు ఇరవై ఏళ్ళ తరవాత కూడా యాభై అరవై దగ్గరే ఆగిపోయాయి, అందులోనూ రోజూ కొన్ని మూసే ఉంటున్నాయి.

ఎందుకిలా అయింది? కారు పనిచేయకనా? కాదు. కారు చక్కగా పనిచేసింది. గ్యాసును ఎక్కడ దాచాలన్నదే తెగలేదు.

హైడ్రోజన్ అన్నిటికంటే తేలికైన వాయువు. కిలో హైడ్రోజన్ మామూలు గాలి ఒత్తిడిలో పన్నెండు ఘనపు మీటర్లు ఆక్రమిస్తుంది, అంటే మన క్యాంపు గదిలో బంకు బెడ్లు తీసేస్తే మూడు కిలోలు పట్టడం కష్టం. దాన్ని చిన్నది చేయడానికి ముఖ్యంగా రెండు దార్లు. ఒకటి, మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చి ద్రవం చేయడం. బి.ఎం.డబ్ల్యూ. కంపెనీ 2006లో ఆ దారిలో 'హైడ్రోజన్ 7' అనే కారు చూపించింది, వంద కార్లు మాత్రమే చేసి పేరున్న వాళ్ళకు నడపడానికి ఇచ్చింది. ఎంత మంచి టాంకు చేసినా లోపలి ద్రవం కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. సగం నిండిన టాంకు, బండి తీయకుండా నిలబెడితే, తొమ్మిది రోజులకు దాదాపు ఖాళీ! సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి టాంకులో ఏమీ మిగలదన్నమాట. పైగా అలా చల్లార్చడానికే ఆ హైడ్రోజన్‌లో ఉన్న శక్తిలో మూడో వంతు ఖర్చవుతుంది.

రెండో దారి, గట్టిగా నొక్కి నింపడం. ఇప్పుడు కార్లన్నీ ఈ దారే పట్టాయి. టాంకులో ఒత్తిడి 700 బార్లు. కారు టైరులో ఉండేది రెండు చిల్లర బార్లు, దానికి ఇది మూడు వందల రెట్లు. ఇంత ఒత్తిడికి ఆగాలంటే కార్బన్ ఫైబర్‌తో చుట్టిన టాంకు కావాలి. టయోటా కంపెనీ 2014 డిసెంబరులో జపాన్‌లో విడుదల చేసిన మిరాయ్ కారులో 5 కిలోల హైడ్రోజన్ మోయడానికి 87 కిలోల టాంకులు పెట్టారు. మన ఇంట్లో వంట గ్యాసు సిలిండరు గుర్తు చేసుకోండి. గ్యాసు 14 కిలోలు, ఖాళీ బండ సుమారు 15 కిలోలు. సరికి సరి. ఇక్కడ ఒకటికి పదిహేడు.

లారీ డ్రైవర్ సోదరులకు ఇంకో లెక్క. పెద్ద పెట్రోలు ట్యాంకరు ఒక్క ట్రిప్పులో పాతిక టన్నుల పైన పెట్రోలు మోస్తుంది. ఉక్కు సిలిండర్ల ట్రైలరు అదే రోడ్డు మీద, అదే డ్రైవరు జీతానికి మోసే హైడ్రోజన్ మూడు నాలుగు వందల కిలోలు. మోసేదంతా ఉక్కే!

ఇప్పుడు మన దిర్హాముల్లో లెక్క వేద్దాం. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. దాన్ని నొక్కి నింపడానికి మరికొంత. మొత్తం 60 యూనిట్లు అనుకుందాం. కిలో హైడ్రోజన్‌తో మిరాయ్ లాంటి కారు వంద కిలోమీటర్ల పైచిలుకు వెళుతుంది. లెక్క కోసం యూనిట్ 30 ఫిల్సు అనుకుంటే కరెంటుకే 18 దిర్హాములు. అదే దూరం పెట్రోలు కారుకు 7 లీటర్లు, లీటరు 3 దిర్హాములు అనుకుంటే 21 దిర్హాములు. చూశారా, కరెంటు బిల్లుతోనే దాదాపు పెట్రోలు దగ్గరకి వచ్చేశాం. హైడ్రోజన్ తీసే మిషను, నొక్కే కంప్రెసరు, ట్రైలరు, పంపు, జీతాలు ఇంకా కలపలేదు. మరి ఆ కరెంటునే నేరుగా బ్యాటరీ కారుకు ఎక్కిస్తే? వంద కిలోమీటర్లకు 20 యూనిట్లు చాలు. 6 దిర్హాములు! ఒకే కరెంటుతో బ్యాటరీ కారు మూడు రెట్ల దూరం పోతుంది. సి.ఇ.సి. మిత్రుడు ఈ లెక్క రెండుసార్లు వేశాడు, రెండుసార్లూ అంతే వచ్చింది.

ఇదంతా కాగితం మీది లెక్క. నిజంగా జరిగింది దీనికంటే ఘోరం. కాలిఫోర్నియాలో మిరాయ్ కారు ధర 57 వేల డాలర్ల పైన మొదలైంది. జపాన్ భాషలో మిరాయ్ అంటే భవిష్యత్తు. మొదట కొన్నవాళ్ళకు గ్యాసు ఖర్చు కింద 15 వేల డాలర్ల కార్డు కంపెనీయే ఇచ్చేది, అందుకని జనం ధైర్యంగా కొన్నారు. అప్పట్లో కిలో 16 డాలర్ల చుట్టూ ఉండేది. 2023లో కొన్ని పంపుల్లో అది 36 డాలర్లయింది. టాంకు నింపితే 200 డాలర్లు, అంటే దాదాపు 735 దిర్హాములు! అంతలో పంపులు మూతపడటం మొదలైంది. 2024 ఫిబ్రవరిలో షెల్ కంపెనీ ఆ రాష్ట్రంలో తన కార్ల హైడ్రోజన్ పంపులు ఏడింటినీ శాశ్వతంగా మూసేసింది. ఒక్కో పంపు కట్టడానికి ఇరవై లక్షల డాలర్ల దాకా అవుతుంది, వచ్చే కార్లు తక్కువ. కార్లు లేవని పంపులు పెట్టరు, పంపులు లేవని కార్లు కొనరు. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్నట్టుంది.

ఆ కార్ల యజమానుల గతి చూస్తే జాలేస్తుంది. ఉదయాన్నే గ్యాసు కోసం వరసలో నిలబడి, పంపు పనిచేయడం లేదని తెలిసి వెనక్కి రావడం. అమ్ముదామంటే కొన్న ధరలో అయిదో వంతు కూడా రాని పరిస్థితి. 2024లో కొందరు కోర్టుకు ఎక్కారు. వాళ్ళేమీ చదువు లేనివాళ్ళు కాదు, మోసగాళ్ళ దగ్గర కొన్నవాళ్ళూ కాదు. మంచి కంపెనీ చేసిన మంచి కారే కొన్నారు. మిరాయ్ కార్లు మొదటి పదేళ్ళలో ప్రపంచమంతా కలిపి ముప్పై వేలు కూడా అమ్ముడు పోలేదు. 2024 ఒక్క సంవత్సరంలో బ్యాటరీతో, ప్లగ్గుతో నడిచే కార్లు కోటీ డెబ్బై లక్షలు అమ్ముడయ్యాయి.

ప్రమాదం సంగతి కూడా అడుగుతారని తెలుసు. 1937 మే 6న అమెరికాలో హిండెన్‌బర్గ్ అనే హైడ్రోజన్ విమాన నౌక దిగుతూ దిగుతూ నిమిషం లోపల కాలిపోయి 36 మంది చనిపోయారు. ఆ ఫోటోతో హైడ్రోజన్‌కు చెడ్డపేరు వచ్చింది. కానీ పెట్రోలు మాత్రం ఏం తక్కువది? హైడ్రోజన్ కారితే పైకి ఎగిరిపోతుంది, పెట్రోలు కింద పరుచుకొని మండుతుంది. అలాగని నిర్లక్ష్యం పనికిరాదు. 2019 జూన్ 10న నార్వేలో ఓస్లో దగ్గర ఒక హైడ్రోజన్ పంపు పేలిపోయింది. తనిఖీలో తేలిందేమిటంటే, టాంకు బోల్టులు సరిగా బిగించలేదు! టార్క్ రెంచ్ పట్టే మన ఫిట్టర్లకు ఈ ముక్క వేరే చెప్పక్కర్లేదు.

అసలు హైడ్రోజన్ మనకు కొత్తా? రిఫైనరీల్లో, ఎరువుల ఫ్యాక్టరీల్లో షట్‌డౌన్ పనులకు వెళ్ళే సోదరులు రోజూ దాని పైపుల మధ్యే తిరుగుతున్నారు. ప్రపంచంలో ఏటా తొమ్మిదిన్నర కోట్ల టన్నుల పైన హైడ్రోజన్ తయారవుతుంది. దాదాపు అంతా పెట్రోలు, డీజిల్ శుద్ధికి, యూరియాకు మూలమైన అమోనియాకు, మెథనాల్‌కు పోతుంది. కార్లకు పోయేది లెక్కలోకి రాదు. అదీ నీటి నుంచి తీసింది కాదు, ఎక్కువ భాగం సహజ వాయువును ఆవిరితో కలిపి కాచి తీసింది. కిలో హైడ్రోజన్‌కు పది కిలోల దాకా బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. కాలిఫోర్నియా కారు వెనక నీటి చుక్కలే రాలొచ్చు, పొగ మాత్రం వేరే ఊరి ఫ్యాక్టరీలో లేచింది. ఇంకో సంగతి. హైడ్రోజన్ మంట పగటి వెలుగులో కంటికి కనబడదు. ఇప్పుడు కనిపెట్టే పరికరాలు ఉన్నాయి గానీ, పాతరోజుల్లో లీకు ఉందని అనుమానం వస్తే పనివాళ్ళు పొడుగాటి గడ్డి చీపురు ముందుకు చాచి నడిచేవారు. చీపురు అంటుకుంటే అక్కడ మంట ఉన్నట్టు.

మన దుబాయ్‌లోనూ ప్రయత్నాలు జరిగాయి. 2017లో ఫెస్టివల్ సిటీ దగ్గర టయోటా డీలరు ఒక హైడ్రోజన్ పంపు తెరిచారు. 2021 మేలో ఎడారిలోని సోలార్ పార్కులో ఎండతో వచ్చే కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసే ప్లాంటు మొదలైంది. మన దేశంలో 2022 మార్చి 30న కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ మిరాయ్ కారులో పార్లమెంటుకు వెళ్ళారు, ఆ ఫోటో అందరూ చూశారు. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 19,744 కోట్ల రూపాయలతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నంలో, అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్.టి.పి.సి. కట్టబోయే హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. సుమారు లక్షా 85 వేల కోట్ల పెట్టుబడి, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ అని ప్రకటించారు. ఆ వార్త చూసి ఉత్తరాంధ్ర సోదరులు, "ఇక మన ఊళ్ళోనే హైడ్రోజన్ కార్లు, హైడ్రోజన్ పంపులు" అనుకున్నారు. అది కార్ల కోసం ఉద్దేశించింది కాదు. అందులో ముఖ్యమైనవి యూరియా, మెథనాల్, విమానాల ఇంధనం, అదీ ఎక్కువగా ఎగుమతికి. వెల్డర్లకు, పైపు ఫిట్టర్లకు అలాంటి చోట పని ఉంటుంది. ఎప్పుడు, ఎంతమందికి అన్నది కట్టడం సాగేదాన్ని బట్టి. దాని పేరు చెప్పి ఇప్పుడే ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడు కనబడితే మాత్రం జేబు గట్టిగా పట్టుకోండి.

లారీలు, బస్సులు, ఓడల సంగతి వేరు, బ్యాటరీ బరువు వాటికి అడ్డం గనుక అక్కడ హైడ్రోజన్‌కు చోటు ఉండొచ్చని ఇంకా ప్రయత్నిస్తున్నారు. కార్ల విషయంలో మాత్రం ఒక్కొక్కరే తప్పుకుంటున్నారు. 2025 జులైలో స్టెల్లాంటిస్ కంపెనీ తన హైడ్రోజన్ పని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. టయోటా, హ్యుండాయ్ ఇంకా పట్టు విడవలేదు.

ఇక మన తమ్ముడి కిట్ సంగతి. అందులో జరిగేది ఏమిటంటే, బండి ఆల్టర్నేటర్ నుంచి కరెంటు తీసుకొని డబ్బాలో నీళ్ళను విడగొట్టి, ఆ బుడగలను ఇంజన్‌లోకి పంపుతారు. ఆల్టర్నేటర్‌ను తిప్పేది ఇంజను. ఇంజన్‌ను తిప్పేది పెట్రోలు. అంటే పెట్రోలు కాల్చి కరెంటు, కరెంటుతో హైడ్రోజన్, దాన్ని కాల్చి బండి. ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుంది. చివరికి వచ్చేది పెట్టినదానికంటే తక్కువే. అమెరికాలో స్టాన్లీ మేయర్ అనే ఆయన నీటితో నడిచే బండి అని చూపించి పెట్టుబడులు సేకరిస్తే, 1996లో ఒహాయో కోర్టు సాక్షులను పెట్టి పరీక్ష చేయించింది. లోపల ఉన్నది మామూలుగా నీళ్ళను విడగొట్టే ఏర్పాటే అని తేలింది, డబ్బు తిరిగి ఇమ్మని తీర్పు వచ్చింది. అదే సంవత్సరం తమిళనాడులో మూలికలతో పెట్రోలు అని లేచిన గొడవ మన పేపర్లలో కూడా వచ్చింది. ముప్పై ఏళ్ళయినా సరుకు అదే, డబ్బా మారింది.

ఇదంతా తమ్ముడికి ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాం. అప్పటికే కిట్ ఊరికి చేరింది. వాళ్ళన్న బిగించి వారం రోజులు నడిపి, రోజూ పోసిన పెట్రోలు, తిరిగిన కిలోమీటర్లు పాత డైరీలో రాశాడట. మైలేజీ ఏమీ పెరగలేదు, బ్యాటరీ మాత్రం రెండుసార్లు దిగిపోయింది. అమ్మినవాడి నంబరుకు చేస్తే ఎత్తడం లేదు. కిట్ విప్పేసి డబ్బా కడిగి, అందులో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ పెట్టుకున్నాడు.

"గా డైరీ పారేయొద్దని చెప్పిన్నన్నా. ఫోటోలు తీసి పంపుమన్న. గిక్కడ ఇంకో ఇద్దరు గదే కిట్ కొందామనుకుంటున్నరు" అన్నాడు తమ్ముడు. ఆ ఫోటోలు ఇప్పుడు మా ఫోన్లలోనూ ఉన్నాయి. కావలసిన వాళ్ళు మా గదికి వచ్చి చూడొచ్చు.